మడి దండెం మీద ఈత డ్రస్సు

ఇది ఒక మహా సంగ్రామం కథ. ఇందులో వంశ గౌరవం ఉంది, రహస్య ప్రయాణం ఉంది, నల్లటి కవచం ఉంది, జలప్రవేశం ఉంది, తెల్లారకముందే బయటపడ్డ కుట్ర ఉంది. ఆరు కాండలుగా రాయదగ్గ సరుకు. తాటాకుల మీద గంటంతో రాస్తే ఇంకా బాగుండేది.

అంత లేదు. ఇది మా అమ్మ ఛాతీ లోతు నీళ్లలో నడవడం గురించి. ఈదడం కూడా కాదు, నడవడం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మళ్లీ ఆ గోడ నుంచి ఈ గోడ దాకా. మధ్యలో ఒకసారి తుమ్మింది.

అసలు సంగతి మోకాళ్లది. మా నాయన తిరుపతిలో ఒక చిన్న గుడిలో పూల కైంకర్యం చేస్తాడు. దేవుడికి మాలలు కట్టి అందించే పని. పూలమాలలు నాయన గుడిలోనే కడతాడు. తులసి మాలలు మాత్రం ఇంట్లో అమ్మ కడుతుంది, పొద్దున్నే తలకు పోసుకుని, మడిచీర కట్టుకుని, నేల మీద కూర్చుని. మడి అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను: ఉతికి పిండి ఎవరూ తాకకుండా ఆరిన గుడ్డ కట్టుకుని, ఎవరినీ తాకకుండా ఉండటం. మా ఇంట్లో ఆ శాఖ మొత్తం మా అవ్వది, నాయన తల్లిది. నేను అవ్వకు చేయి చాపితే అందనంత దూరంలో పెరిగాను. ప్రేమ లేక కాదు, మడి ఉండి.

పెళ్లయిన నాటి నుంచి నేల మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి, చాలాసేపు అందులో ఎవరినో గుర్తుపడుతున్నట్టు చూశాడు.

"కొన్ని నెలలు నీళ్లలో నడవండమ్మా. బరువు పడదు, కండ గట్టిపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ తప్పదు."

అమ్మ పెద్దక్క ఏదో చిన్న ఆపరేషన్‌కని ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ తర్వాత అమ్మ ముందు ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. డాక్టరుకు ఆ సంగతి తెలియదు. అమ్మ చేయి నా మణికట్టు మీద బిగుసుకుంది.

"నీళ్లలో అంటే యాడ సార్?" అంది.

"స్విమ్మింగ్ పూల్‌లో. ఆడవాళ్లకు వేరే టైం ఉంటుంది."

ఇంటికొచ్చి పూల్‌కు ఫోన్ చేశాను. చీర, నైటీ, చుడీదార్ ఏవీ కుదరవన్నారు. నూలు పోగులు ఊడి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయట. ఈత కాస్ట్యూమ్, తలకు టోపీ ఉండాల్సిందే.

"కాస్ట్యూమ్ అంటే? చెడ్డీనా?" అంది అమ్మ.

"చెడ్డీ కాదు మా. కాస్ట్యూమ్."

"అదేందో సరిగ్గా చెప్పు."

సరిగ్గా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "చెడ్డీనే" అంది.

నా చిన్నప్పుడు ఒకసారి తలకోనకు వెళ్లాం. పై నుంచి జలపాతం పొగలా దిగుతోంది. దాని కింద అమ్మ చీరతోనే నిలబడింది. నీళ్లు నెత్తి మీద పగిలి ముత్యాల్లా చెదిరిపోతుంటే నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు నీళ్ల హోరులో వినబడలేదు, కనబడింది. ఆ నవ్వును అప్పటి నుంచి ఇంట్లో వెతుకుతున్నాను, గిన్నెల చప్పుడులో ఎక్కడో పడిపోయింది. అమ్మ చుట్టూ ఏ ఊళ్ల నుంచి వచ్చారో తెలియని జనం, అందులో సగం మంది డ్రాయర్లలో ఉన్న మగవాళ్లు. తడిసిన చీర ఏం దాస్తుందో, ఎంత దాస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు, అమ్మతో సహా. ఎందుకంటే అది చీర. చీర కడితే అంతా కనబడినా కప్పుకున్నట్టే. కాస్ట్యూమ్ వేస్తే మెడ దాకా కప్పినా విప్పినట్టే. ఇది చట్టమైతే చిత్తూరు కోర్టులో ఒక కేసు వేసి చూడొచ్చు. అలవాటు కాబట్టి అప్పీలు లేదు.

వారం రోజులు అమ్మ ఆ విషయం ఎత్తలేదు. ఎనిమిదో రోజు తులసి మాల కట్టి లేవబోయి లేవలేక, ఎవరూ చూడలేదనుకుని, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఆ చెడ్డీ యాడ దొరుకుతాదో సూడు" అంది.

తిరుపతిలో కొనడం మాత్రం కుదరదంది. ఎవరైనా చూస్తారట.

"మా, ఈ ఊరికి దినామూ అంతమంది వస్తా ఉండారు. వాళ్లు సూడాలని వచ్చేది నిన్ను కాదు."

"నీకు తెలీదు పాపా. కావాల్సినప్పుడు ఎవురూ కనపడరు. వద్దనుకున్న దినం అందరూ బట్టలంగట్లోనే ఉంటారు."

అందుకని చిత్తూరు. అవ్వకు చుట్టాలను చూసొస్తామని చెప్పి, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సెక్కాం. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆడపిల్ల ప్రతి ఇంట్లోనూ ఒకరుండాలి. ఇలాంటి ప్రయాణాలకు తోడు దొరుకుతుంది.

చంద్రగిరి దాటాక కొండలు వెనక్కి జరిగి మామిడి తోటలు వచ్చాయి. ఎండ తోటల్లోకి దిగి, ఎవరూ లేపరని తెలిసినట్టు చెట్ల కింద పడుకుంది. నీడలు ఒకదాన్నొకటి కప్పుకుంటూ బస్సుతో పాటు కొంతదూరం పరిగెత్తి, అలసి ఆగిపోతున్నాయి. అమ్మ తల నా భుజం మీదికి వాలింది. నిద్రలో ఆమె పాదం మెల్లగా కదులుతోంది. కలలో అప్పుడే నీళ్లలో నడుస్తోందేమో అనుకున్నాను. చల్లటి నీళ్లు, అడుగున మెత్తటి ఇసుక, నొప్పి లేని ఒక నడక. వంగి చూస్తే చెప్పులో రాయి ఉంది.

పాకాల దగ్గరికి రాగానే ఎవరూ లేపకుండానే లేచి, కొంగు తల మీదుగా లాగి మొహానికి అడ్డం పెట్టుకుంది. అది ఆమె పుట్టిన ఊరు.

"మనం యాడికి పోతా ఉండాం మా, దొంగతనానికా?"

"నోరు మూసుకో. మా చిన్నాయన కొడుకు ఈడే ఎక్కుతాడు."

ఒక ముసలాయన ఎక్కాడు. ఆయన సంచిలోంచి ఒక కోడి తల బయటపెట్టి మమ్మల్ని చూసింది. అమ్మ దాని నుంచి కూడా మొహం తిప్పుకుంది.

చిత్తూరు బజారులో ఓ సందులో పాతకాలపు బట్టల అంగడి. తెల్లగడ్డం, తలకు అల్లిన టోపీ ఉన్న పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ టవలు అడిగింది. తర్వాత లంగా గుడ్డ అడిగింది. తర్వాత ఇంకో టవలు అడిగింది. ఇలా ఐతే ఆఖరి బస్సు కూడా వెళ్లిపోతుందని నేనే చెప్పేశాను.

"తాతా, ఈతకు ఏసుకునే డ్రస్సు కావాల. ఈమెకే."

అమ్మ నా తొడ గిచ్చింది. పెద్దాయన కళ్లజోడు పైనుంచి అమ్మను చూశాడు.

"నువ్వు పాకాల అయ్యవారి కూతురు గదమ్మా?"

ఊరు మార్చి, బస్సెక్కి, ముసుగేసుకుని వచ్చిన మా శ్రమంతా గల్లాపెట్టె ముందు కుప్పకూలింది.

"పండగ పంచెలు మీ నాయన మా కాడే తీస్తా ఉండె. నువ్వీడ కూచోని బొరుగులు తింటా ఉంటివి. కొంగు తీసెయ్యమ్మా, ఉక్కగా ఉండాది" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "మోకాళ్లా?" అని అడిగాడు.

"మీకెట్లా తెలుసు?"

"నీ వయసోళ్లు ఇది అడిగేది మోకాళ్లకేనమ్మా. సరదాకి అడిగినోళ్లు ఇంతవరకు రాలేదు."

లోపలి నుంచి ఒక నల్లటి పొట్లం తెచ్చి బల్ల మీద పరిచాడు. మెడ నుంచి మణికట్టు దాకా, కిందికి చీలమండ దాకా ఒకటే గుడ్డ, దాని మీద మోకాళ్ల దాకా గౌను, తలను పట్టేసే టోపీ.

"మా ఇండ్లల్లో ఆడపిల్లోళ్లు ఈతకు పోతే ఇదే తీసకపోతారు. మొగం, సేతులు, పాదాలు. ఇంగేం కనపడదు. సూసుకో."

అమ్మ దాన్ని తిప్పి చూసింది, లాగి చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. "నడుం గూడా కప్పతాందే!" అంది ఆశ్చర్యంగా. తన చీర నడుమును కప్పడం లేదన్న సంగతి ఆమెకు జీవితంలో అప్పుడే తట్టినట్టుంది. గబుక్కున కొంగు లాగి నడుము కప్పుకుంది. నా ఎరుకలో అమ్మ చీర కట్టుకున్నందుకు సిగ్గుపడటం అదొక్కసారే.

మొదటి రోజు డ్రస్సు ఇంట్లోనే వేసుకుని, పైన చీర కట్టుకుని, అవ్వకూ నాయనకూ ఆసుపత్రి అని చెప్పి బయల్దేరింది. ఆటోలో చెమటలు కారిపోయాయి. పూల్ చేరేసరికే తడిసి ఉంది కాబట్టి సగం పని అయిపోయిందన్నాను.

బట్టలు మార్చుకునే గదిలో మూలకు నిలబడిపోయింది. చీర కుచ్చిళ్ల మీద చేయి పెడుతుంది, తీస్తుంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, తొడల దాకా కాస్ట్యూమ్ వేసుకుని, మా ముందు నుంచే నడిచి వెళ్తూ ఆగింది.

"ఏమ్మా, కొత్తా?"

"సిగ్గుగా ఉండాది అక్కా."

"నేను ఇన్నేండ్లు చీర కట్టుకోని బోర్డు మీద రాసినా. ఎన్ని పిన్నులు పెట్టినా ఎనక బెంచీలోళ్లు యాడ సూస్తా ఉండిరో నాకు తెలీదా? ఈడ ఎవురూ సూడరు. ఊపిరి తీసుకునేదానికే ఎవురికీ తీరిక లేదు."

ఆమె వెళ్లి నీళ్లలో దూకింది. ఆ అలకు పూల్ అంచు మీదున్న చెప్పులు కదిలాయి.

అమ్మ కుచ్చిళ్లు లాగింది. నేను కొంగు పట్టుకుని నిలబడ్డాను. చీర వచ్చింది, వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. ఒక మనిషి చుట్టూ అంత గుడ్డ ఎప్పుడు చేరిందో అనిపించింది. ఆఖరి చుట్టు వదిలాక లోపలి నుంచి ఒక సన్నటి, నల్లటి, పొట్టి మనిషి బయటికి వచ్చింది. నాకు ఆమె ఎవరో కొత్త అనిపించింది. బడికి మొదటి రోజు వచ్చిన పిల్లలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

పూల్ మీద రేకుల కప్పు. వాటి సందుల్లోంచి ఎండ సన్నటి దారాలై నీళ్లలోకి దిగి, అడుగున నీలం పలకల మీద నిదానంగా ఊగుతోంది. గోడలకు నీళ్ల నీడలు పాకుతున్నాయి. ఆడవాళ్ల మాటలు నీళ్లకు తగిలి అర్థం కోల్పోయి, ఉత్త శబ్దాలుగా పైకప్పు చేరుతున్నాయి. అమ్మ మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది. గౌను అంచు ఆమె చుట్టూ నల్ల తామరాకులా విచ్చుకుంది. నీళ్లు నడుం దాటాయి, ఛాతీని అందుకున్నాయి. ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది.

వెనక్కి తిరిగి నన్ను చూసిన మొహం తలకోన మొహం.

"పాపా, నొప్పి లేదే" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నొప్పి వింటుందన్నట్టు.

ఆ మాట తర్వాత ఆ పూట నాకు సరిగా గుర్తులేదు. ఎండ, నీళ్లు, నల్లటి తల ఒకటి అటూ ఇటూ మెల్లగా పోతుండటం. గడియారం కూడా నీళ్లలో పడిపోయినట్టు ఉండింది. తుమ్మింది అప్పుడే. టోపీ ఊడి టీచరమ్మ మొహాన పడింది.

వారానికి మూడు రోజులు వెళ్లసాగాం. డ్రస్సు సంచి అడుగున, దాని మీద కరివేపాకు. అసలు కష్టం ఇంట్లో మొదలైంది: దాన్ని ఎక్కడ ఆరేయాలి? మేడ మీద వేస్తే నాలుగిళ్లకు కనబడుతుంది. బాత్రూంలో వేస్తే ముక్కిపోతుంది. ఇంట్లో ఎవరి చేయీ పడని చోటు ఒక్కటే ఉంది. మడి దండెం. వంటింటి పక్క గదిలో పైకప్పుకు దగ్గరగా వేలాడే వెదురు గడ. దాని మీద గుడ్డ వేయాలన్నా తీయాలన్నా కర్రతోనే. అవ్వ, అమ్మ తప్ప ఆ గదిలోకి ఎవరూ పోరు. అవ్వ కళ్లలో శుక్లాలు. అమ్మ డ్రస్సును అవ్వ మడిచీరకు వెనగ్గా వేసేది. దేవుడి గుడ్డల మధ్య దాచిన వస్తువును ఎవరూ అనుమానించరు. ఈ కిటుకు చాలా ఇళ్లలో తెలిసే ఉంటుంది, చెప్పుకోరు.

ఒక తెల్లవారుజామున అవ్వ కర్రతో తన చీర అనుకుని దాన్ని లాగింది. నల్లటి ఆకారం ఒకటి రెండు చేతులూ చాచి పైకప్పు నుంచి ఆమె మీదికి దిగింది.

"ఒరే అప్పా! ఎవుడో దిగినాడు రా ఇంట్లోకి!"

గుడికి బయల్దేరుతున్న నాయన పూలబుట్టతోనే పరిగెత్తుకొచ్చాడు. నేను వచ్చేసరికి అవ్వ పీట మీద కూర్చుని ఉంది. ఆ దొంగ కర్ర కొసకు వేలాడుతున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏందే ఇది?" అని అడిగింది అవ్వ.

అమ్మ చెప్పింది. "ఈత గుడ్డలత్తా. ఆడోళ్ల టయంలో పోయి నీళ్లలో నడస్తా ఉండా. మోకాళ్లకి. డాక్టరు చెప్పినాడు."

నాయన మొహం ఎర్రబడింది. "మనం గుడి మనుసులం. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? దీనికన్నా ఆ ఆపరేషనే సేయించుకుంటే పోలా? నేను సూసుకుంటా గదా."

గోడ మీద అమ్మ చేయి ఏదైనా పట్టు దొరుకుతుందేమో అన్నట్టు కొంచెం పాకింది. ఆ సమయానికి నా దగ్గర రెండు జోకులు సిద్ధంగా ఉన్నాయి. రెండూ వాడలేదు.

"నువ్వుండప్పా" అంది అవ్వ నాయనతో. అమ్మ వైపు తిరిగింది. "దీన్ని ఏ నీళ్లలో ఉతికినావు?"

"మన బోరు నీళ్లలోనే అత్తా."

"నువ్వు తలకి పోసుకున్నాకా, ముందరా?"

"పోసుకున్నాకే."

"సేత్తో ఏసినావా, కర్రతో ఏసినావా?"

"కర్రతోనే."

"ఆరేదాకా ఎవురన్నా తాకినారా?"

"లేదత్తా."

అవ్వ తల ఊపింది. "మడే గదా మడి. ఇంగ రచ్చేంది?"

"మడి కాదమ్మా నేను చెప్పేది" అన్నాడు నాయన. "ఆడమనిసి... ఈత గుడ్డలు..."

"నువ్వు దినామూ రొమ్ము మీద గుడ్డ లేకుండా ఊరందరి ముందర నిలబడతావు. నిన్నెవురన్నా అడిగినారా? ఈ పిల్ల గొంతుకాడి నుంచి కాళ్లదాకా కప్పుకోని ఆడోళ్ల మద్దెన నడిస్తే నీకేం నొప్పి? నొప్పి దానికి రా, మోకాళ్లల్లో."

నాయన కిందికి చూసుకున్నాడు. పంచె, మెడలో తులసి పూసలు తప్ప పైన ఏమీ లేదు. పూలబుట్టను కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

అవ్వ ఆ నల్లటి గుడ్డను చూస్తూ ఉండిపోయింది. "మేం సువర్ణముఖిలో మునిగేటప్పుడు ఒంటిమీద ఒక చీరే. తడిస్తే ఉండేదీ ఒకటే, లేందీ ఒకటే. సూసేదానికి ఎవురుండిరి? ఒడ్డునుండేవాడు గూడా కండ్లు మూసుకోని మునగతా ఉండె" అంది. ఆ గదిలోకి తెల్లవారుజాము చల్లదనం వస్తోంది. ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేని ఏరు కాసేపు మా నలుగురి మధ్య నిండుగా పారినట్టు, అవ్వ అందులో పదహారేళ్ల పిల్లై మునిగి లేచినట్టు అనిపించింది. నాయన కూడా ఊపిరి బిగబట్టాడు.

"ఇంగ మీదట నా చీర పక్కన ఏయొద్దు. నలుపు అంటుకుంటాది" అంది అవ్వ.

నెలలు గడిచాయి. డాక్టరు అమ్మ మోకాళ్లను వంచాడు, చాపాడు, నొక్కాడు. నొక్కినప్పుడల్లా అమ్మ కంటే ముందు నాయన మూలిగాడు. "ఇప్పటికైతే ఆపరేషన్ అవసరం లేదమ్మా. నీళ్లలో నడక మాత్రం మానొద్దు" అన్నాడు డాక్టరు. అమ్మ కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచింది. లేచాక కాసేపు అలాగే నిలబడింది, ఏం చేయాలో తోచక. తర్వాత ఆయనకు దండం పెట్టింది, ఎక్స్‌రేకూ పెట్టింది.

మరుసటి రోజు మేము వెళ్లే రోజు కాదు. అయినా అమ్మ ఆగలేకపోయింది. నాయన తానే దింపుతానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డ్రస్సును కరివేపాకు కింద దాచకుండా, పారదర్శకమైన కవరులో పెట్టి స్కూటర్ కొక్కేనికి తగిలించాడు. ముగ్గురం ఒకే స్కూటర్ మీద ఊరంతా దాటాం. కొండల మీద మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. ఎండ లేతగా, కొత్తగా ఉతికినట్టు ఉంది. దారిలో ఎదురైన గుడివాళ్లు ఒకరిద్దరు కవరు వైపు చూశారు. నాయన హారన్ కొట్టి మరీ నమస్కారం పెట్టాడు. నా ముందు కూర్చున్న అమ్మ కొంగు గాలికి ఎగిరి నా మొహాన్ని కప్పేసింది. ఆ చీర రంగులోంచి కొండలూ, ఎండా, నాయన వీపూ అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి. ఈ రోడ్డు ఇలాగే నీళ్లలోకి దిగిపోతుందని, మేము ముగ్గురం బరువు లేకుండా అలా నడుస్తూ పోతామని అనుకున్నాను.

పూల్ గేటుకు తాళం వేసి ఉంది. సోమవారాలు సెలవు. ఫిల్టర్ కడుగుతారు.